బేస్తవారం అమ్మేసిన రైలు

నాలుగింటికి వస్తారు. ఇప్పుడు మూడుంబావయింది, గోడ మీది గడియారాన్ని నమ్మితే. దాన్ని గడియారమనడానికి సుమిత్రకు నోరు రావడం లేదు. అన్నం తినే స్టీలు పళ్లేనికి నడుమ బొక్క కొట్టి, ఎక్కడో పాడైపోయిన గడియారం మిషనూ ముళ్లూ తెచ్చి దానికి బిగించి, అంకెల చోట పన్నెండు అంగీ గుండీలు అతికించి గోడకు వేలాడదీశారు. జనగామ బజారులో స్టీలు సామాన్ల దుకాణం వెంకట్రాజం భార్య ఆమె, ముప్పై రెండేళ్లుగా గల్లాపెట్టె పక్కన కూచున్న మనిషి, పళ్లెం అంచు చూస్తే చాలు రేకు మందమెంతో చెప్పగలదు. ఇది పలచటి రేకు, చెయ్యి జారితే సొట్ట పడే రకం, తమ దుకాణంలో అయితే మెట్ల మీద కుప్ప పోసి అమ్మే సరుకు. అలాంటి పళ్లెంలో టైము చూసుకుంటూ కూచుంది తను, మానుకోటలో, కన్న కూతురి అద్దె ఇంట్లో, ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి కాలు పెట్టిన రోజున. నాలుగింటికి కీర్తి పిల్లలిద్దరినీ బడి నుంచి తీసుకొస్తుంది. ఏడేళ్ల రజిత, నాలుగేళ్ల వేణు. ఆ మనవరాలినీ మనవణ్నీ ఫోటోల్లో తప్ప చూసింది లేదు. ముఖాలైనా చూడక ముందే వాళ్ల సొత్తు ఒకటి అమ్మేసి కూచుంది.

తలుపు వెనక మూల బోసిగా ఉంది. అరగంట కిందటి దాకా అక్కడ నడుమెత్తున అట్టపెట్టెలున్నాయి, విప్పి, చదును చేసి, పురికొసతో కట్టలు కట్టినవి. ఇప్పుడు అక్కడ ఒక నీలం రంగు ప్లాస్టిక్ టబ్బూ దాంట్లో ఒక మగ్గూ ఉన్నాయి. తప్పంతా ఆ మైకుది అనుకుంది సుమిత్ర. పాత ఇనుము, పాత పేపర్లు, అట్టలు కొంటాం అని ట్రాలీ ఆటో మీద రికార్డు గొంతు సందులోకి రాకపోయి ఉంటే ఆమె లేచేదే కాదు. లేచాక మాత్రం ఆగలేదు. రేపు శుక్రవారం. శుక్రవారం తెల్లారి వాకిట్లో నీళ్లు చల్లే పాటికి ఇంట్లో పగిలిందీ చిరిగిందీ ఖాళీ డబ్బా ఒక్కటీ ఉండకూడదు, ఉంటే లక్ష్మి గడప దాకా వచ్చి వెనక్కి తిరిగి పోతుంది, అలా అని అత్తగారు చెప్పింది, ఆవిడకు ఆవిడ అత్తగారు చెప్పింది, బేస్తవారం నాడు పాతదాన్ని సాగనంపడం ఆ ఇంటి ఆడవాళ్లకు దీపం పెట్టడమంత నియమం. కూతురు పట్టించుకోకపోతే తల్లి పట్టించుకోవాలి గదా. ట్రాలీ వాడు అట్టలకు బదులుగా చిన్న టబ్బు చూపించాడు. సుమిత్ర కట్ట ఎత్తి బరువు చూపించి, అట్ట తడవలేదని తట్టి చూపించి, పెద్ద టబ్బు తీయించింది, పైగా మగ్గు లేకుండా టబ్బును ఏం చేసుకోవాలని అడిగి మగ్గు కూడా వేయించుకుంది. చింత చచ్చినా పులుపు చావలేదు. నిజం చెప్పాలంటే ఈ రోజంతటిలో ఆమెకు ఒళ్లు తేలికైన సమయం ఆ పది నిమిషాలే. గేటు వేసుకుని, టబ్బు మూలకు జరిపి, నడుము మీద చెయ్యి పెట్టుకుని తల ఎత్తేసరికి ఎదురు గోడ మీద ఆ జాబితా కనిపించింది.

జాబితా అంటే పాత క్యాలెండర్ కాగితాలు వెనక్కి తిప్పి అంటించి, పిల్ల రాతతో రాసింది. పైన పెద్దక్షరాలతో ‘కొనకుండ చేసుకున్నవి’ అని ఉంది. ఒకటి, గడియారం. రెండు, పరదా. పరదా ఏమిటో చూడనక్కర్లేదు, కిటికీకి వేలాడుతోంది, నాలుగు పాత చీరల ముక్కలు, జాకెట్ల ముక్కలు, అంచులు మాత్రం పొందికగా కుట్టి ఉన్నాయి. పన్నెండు, సబ్బు. అరిగిన సబ్బుముక్కలు అన్నీ నానబెట్టి కలిపి ముద్ద చేస్తారట, ఆ ముద్దకు చేప ఆకారం పెడతారట. ఇరవై, ఆదివారం సినిమా. దుప్పటి, టార్చిలైటు, నాన్న చేతులు అని రాసి ఉంది. నాన్న చేతులు కూడా సామానే వీళ్లకు. ముప్పై ఒకటి, వేణు పుట్టినరోజు కిరీటం. అట్లా చదువుకుంటూ పోయి నలభై మూడు దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. రైలు. ఏడు డబ్బాలు. రెండు నెలలు పట్టింది. కొన్నది గమ్ము ఒక్కటే. కూచునే మెత్తలు దాదీ కుట్టింది. ఆదివారం విప్పి ఇల్లంతా పెట్టాలె. సుమిత్ర రెండోసారి చదివింది, తర్వాత మూలకు చూసింది, తర్వాత సందులోకి పరిగెత్తింది. మైకు గొంతు ఎటు నుంచీ వినపడలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా పెద్దలు.

ఏదీ ముట్టుకోవద్దని కీర్తి ముందే చెప్పింది. ఫోన్లోనే చెప్పింది. వెంకట్రాజం కంట పడకుండా కోడలు సుష్మిత ఫోను దొంగతనంగా తీసుకుని, మూడు నెలల పాటు బతిమాలి బతిమాలి రమ్మనిపించుకుంటే, ఆఖరికి ఆ పిల్ల అన్నది ఇదీ. "రా అమ్మా. గాని వట్టి చేతులతోని రా. ఏం తేవద్దు, ఏం మార్చద్దు, మా ఇల్లు మాకు మంచిగనే ఉన్నది. గట్ల ఉండవశమైతేనే రా, లేకుంటె ఇగ అడగకు." తల్లితో పెట్టుకునే షరతా అది? మనవల్ని చూడబోతూ వట్టి చేతులతో పోయే తల్లి ఎక్కడైనా ఉంటుందా? వెండి పట్టీలు తెచ్చింది, రెండు జతల బట్టలు తెచ్చింది, ఆ సంచిని కీర్తి తెరిచి కూడా చూడకుండా తలుపు పక్కన చెప్పుల దగ్గర పెట్టింది, పోయేటప్పుడు మరిచిపోకు అని. మరిచిపోకు అట. తనే కదా పెంచింది దీన్ని, పాలసీసా దగ్గర్నించి కాలేజీ బస్సు దాకా, ఏది అడిగితే అది, అడగనిది కూడా. ఇవాళ పగటిపూట తను పనిచేసే బడి నుంచి గంట సేపు వచ్చి అన్నం పెట్టి పోయింది. పచ్చిపులుసూ, బీరపొట్టు తొక్కూ. కాయ నిన్న వండుకున్నారట, తొక్క ఇవాళ చుట్టానికి. సుమిత్ర ఆ తొక్కుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది, అది ఇంకా మంట. రుచిగా ఉండాల్సిన అవసరం దానికేమిటి?

చిక్కిపోయి ఉంటుందనుకుంది. ఈ ఎనిమిదేళ్లూ సుమిత్ర బతికింది ఆ ఒక్క ఆశ మీదే అని ఎవరైనా అంటే ఆమె వాళ్ల నాలుక కోస్తుంది, అయినా అది నిజం. చిక్కిపోతుంది, నగ అమ్ముకుంటుంది, ఒకనాడు పిల్లల్ని చెరో చేత పట్టుకుని జనగామ స్టేషన్లో దిగి ఏడుస్తూ వస్తుంది, అప్పుడు వెంకట్రాజం కూడా కరుగుతాడు, ఇంట్లో దాని పేరెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయే మనిషి కూడా కన్నీళ్లు చూస్తే కరగక ఏం చేస్తాడు. కీర్తి ఎవరినీ అడగకుండా చేసుకున్నవాడు శివాజీ అట. బయ్యారం అవతల తండా పిల్లవాడు, కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే పని, తండ్రి హీర్యా, తల్లి మోతీబాయి, ఇంట్లో వాళ్ల భాష వాళ్లది. ఇందులో ఎన్నాళ్లు ఉంటుందిలే అనుకుంది. రెండేళ్లనుకుంది, పిల్ల పుట్టాక మూడేళ్లనుకుంది. ఎనిమిదేళ్లకు తను రైలెక్కి వస్తే ఆ పిల్ల గేటు దగ్గర నిలబడి నవ్వింది. ఒళ్లు పట్టి, నున్నగా, మెడలో నల్లపూసలు తప్ప ఏమీ లేకుండా, పాత చీర పైటకు ఏదో దారం పువ్వు కుట్టుకుని, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని మనిషి నవ్వినట్టు నవ్వింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని లోకం నవ్వుతుంది గానీ, ఆ దురద కత్తిపీటకే ఉంటుంది, కందకేం తెలుసు?

ఈ నవ్వు లెక్క తన ఇంటికి వేసుకుంటే? వేసుకోదు. వేసుకోకపోయినా వచ్చి పడుతుంది. కొడుకు శ్రీకర్ కొడుక్కి మేడ మీద ఒక గది ఉంది, గది నిండా బ్యాటరీ కార్లు, తుపాకులు, నిలువెత్తు ఎలుగుబంటి. వాడు గుమ్మంలో నిలబడి బోర్ అంటాడు. ఫోను ముఖానికి పెడితే గానీ నోరు తెరవడు, పెట్టిన ముద్ద ఏమిటో వాడికి తెలియదు, తల్లికీ తెలియదు. ఆ ఇంట్లో పిల్లవాడు పగలబడి నవ్వగా సుమిత్ర విన్నది ఎప్పుడు? గుర్తు లేదు. ఇక్కడ గోడలకు కూడా పిల్లల చేతులు అంటుకుని ఉన్నాయి, కిటికీ చువ్వకు పగిలిన గాజు ముక్కలు దారంతో గుచ్చి వేలాడదీశారు, గాలి వచ్చినప్పుడల్లా గలగలమంటాయి. తెల్లారితే శుక్రవారం, ఇంట్లో పగిలిన గాజులు. లక్ష్మి రావాల్సిన ఇల్లేనా ఇది? అయినా చూడు, సామాను లేని ఇంట్లో చీకూ చింతా కూడా లేనట్టుంది, అది ఎట్లా కుదురుతుంది, ఏ లెక్కన కుదురుతుంది. పిండి కొద్దీ రొట్టె అంటారు. వీళ్లు పిండి లేకుండా రొట్టె చేసి తింటున్నారు, పైగా నవ్వుకుంటూ.

మూడు నలభై. చెప్పాలి, ఏదో ఒకటి చెప్పాలి. దొంగ వచ్చాడంటే అట్టలెత్తుకుపోయే దొంగ ఎవడు? వాన అంటే ఆకాశం మాడిపోతోంది. మోతీబాయి వచ్చిందని చెబితే? ఈ ఆలోచన రాగానే సుమిత్రకు దాహం తీరినంత హాయిగా అనిపించింది. అవును, వచ్చింది, తండా నుంచి వచ్చింది, పొయ్యి రాజేయడానికి ఎత్తుకుపోయింది, నేను వద్దంటున్నా వినలేదు, వాళ్ల భాషలో ఏదో అనుకుంటూ పోయింది. ఎవరు కాదంటారు? సెలవులొస్తే చాలు పిల్లలు ఆమె దగ్గరే ఉంటారట, నాయనమ్మను దాదీ అంటారట, ఆ మెత్తలు కుట్టింది కూడా ఆమేనట, గోనెపట్టా మీద ఎర్రదారం, అంచుకు అద్దాలు. కట్టల నడుమ అవి సుమిత్ర చేతికి తగిలాయి. తీసి పక్కన పెట్టొచ్చు. పెట్టలేదు. అద్దంలో తన ముఖం చిన్న ముక్కగా కనిపించింది, ఆ ముక్కతో సహా ట్రాలీలోకి వేసింది. మోతీబాయికి ఈ పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఉన్నారు, తనకు ఫోటోలున్నాయి. ఒక్క నింద మోస్తే ఏం అరిగిపోతుంది ఆమె? మోతీబాయి పేరు తలుచుకుంటూ మాటలు సరిచేసుకుంది సుమిత్ర, బేరానికి ముందు మాటలు పేర్చుకున్నట్టే, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నిట్టూర్చాలో.

మూడు యాభై అయ్యేసరికి నిట్టూర్పు దగ్గర ఒక సంగతి అడ్డం పడింది. చెత్త అనుకున్నానని కదా గంట నుంచీ తనకు తాను చెప్పుకుంటోంది. చెత్త అనుకోలేదు. అన్నిటికన్నా పైనున్న అట్ట మీద రంగులు వేసి ఉన్నాయి. పసుపు పలకా, నల్లటి అక్షరాలు, జనగామ, అందులో గ కాస్త పడుకుని ఉంది. పలక కింద ప్లాట్‌ఫారం, ప్లాట్‌ఫారం మీద ఒక ఆడమనిషి, ఇంత బొట్టు, ఇంత కొప్పు, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. పక్కన రాసే ఉంది, అమ్మమ్మ అని. వీళ్ల రైలు ఈ ఇంట్లోంచి బయలుదేరి జనగామ పోతుంది. రెండు నెలలుగా వీళ్లు వస్తూనే ఉన్నారు. చూసింది, చదివింది, బొమ్మలో తన కాళ్లకు చెప్పులు కూడా ఉండటం చూసింది. అప్పుడు కలిగింది ప్రేమ కాదు. ఒళ్లు మండిపోయింది. నన్ను అట్టతో చేసుకున్నారు, నేను కొనకుండా దొరికాను, నేను లేకపోయినా నా బొమ్మ పెట్టుకుని ఆడుకుంటారు, ఇంకా నాతో వీళ్లకేం పని? ఆ అట్టనే అన్నిటికన్నా ముందు ఎత్తి బోర్లా వేసింది ట్రాలీలో. ఆ తర్వాతే పెద్ద టబ్బు గురించి బేరం మొదలుపెట్టింది.

గేటు చప్పుడయింది. ముందు పిల్ల వచ్చింది, రెండు జడలు, మోకాలు మీద మాసిక వేసిన యూనిఫారం, ఆ మాసిక కూడా చేప ఆకారంలో ఉంది. అమ్మమ్మా అనైతే అంది, సిగ్గుపడుతూ అంది, కానీ చూపించాలన్న ఆత్రంలో సుమిత్రను దాటి నేరుగా తలుపు వెనక్కి పోయింది. వెనకే పిల్లవాడు పోయాడు. కొంతసేపు ఇద్దరూ టబ్బు వైపు చూశారు.

"అమ్మా, రైలేది?" అంది రజిత.

కీర్తి గుమ్మంలోనే నిలబడి టబ్బును చూసింది, మగ్గును చూసింది, తల్లి ముఖం చూసింది. బజారులో పుట్టిన పిల్ల, టబ్బుతో పాటు మగ్గు రావాలంటే బేరం ఎవరు చేసి ఉండాలో దానికి ఒకరు చెప్పనక్కర్లేదు. సుమిత్ర నోరు తెరిచింది. మోతీబాయి పేరు నాలుక చివరే ఉంది.

"నేనే ఇచ్చేసిన బిడ్డా" అంది కీర్తి. "పగటీలి అన్నానికి వచ్చినప్పుడు. చెదలు వట్టింది."

"ఆదివారం పెడ్దమంటివి గద."

"అన్న. మర్చిపోయిన."

రజిత ఏడవలేదు, తల్లిని చూస్తూ ఉండిపోయింది, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. ఏడ్చింది వేణు, ఏడుస్తూ రెండు పిడికిళ్లతో తల్లి మోకాళ్ల మీద కొట్టాడు, నువ్వు ఒద్దు, నువ్వు ఒద్దు అని. కీర్తి కదలకుండా ఆ దెబ్బలు తింటోంది. చేతిలో ఇంకా ఇద్దరి టిఫిన్ డబ్బాలూ ఉన్నాయి. సుమిత్ర ఎనిమిదేళ్లుగా కోరుకున్నది ఇదే కదా, ఆ నవ్వు పోవాలని, ఆ ఇంట్లో ఒక ఏడుపు వినాలని. వినిపిస్తోంది. ఇంత దగ్గర్నించి వింటే ఇలా ఉంటుందని తెలియదు. దీన్ని తను కన్నది, తన మీద పడాల్సిన దెబ్బలు తన కూతురు తింటోంది, తను మాత్రం మడత నలగని చీరతో కుర్చీలో కూచుని ఉంది. ఛీ అనిపించింది, కీర్తి మీద కాదు, శివాజీ మీద కాదు, తన మీదే.

"మీ అమ్మ కాదు" అంది. గొంతు బిరుసుగానే వచ్చింది, మెత్తగా మాట్లాడటం ఆమెకు ఎప్పుడూ రాదు. "నేను అమ్మిన. జనగామ అని రాసింది చూసి, నా బొమ్మ చూసి మరీ అమ్మిన."

వేణు కొట్టడం ఆపాడు. రజిత దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎందుకు?"

"కోపానికి."

"మేమేం జేసినం?"

"ఏం జెయ్యలె. నేను లేకున్నగాని మీరు నవ్వుకుంట ఉన్నరు. గదే నాకు కోపం."

పిల్లకు అర్థం కాలేదు, మొహం చూస్తేనే తెలుస్తోంది. కానీ అర్థం కాని దాన్ని పక్కన పెట్టి, అర్థమైనంత మేరకు తీర్పు చెప్పింది. "అయితె మల్ల నువ్వే చెయ్యాలె. చేసేదాంక పోవద్దు."

"మొత్తం" అన్నాడు వేణు, ముక్కు తుడుచుకుంటూ.

కీర్తి టిఫిన్ డబ్బాలు కింద పెట్టింది. తల్లి వైపు చూడకుండా అంది, "మాకు రెండు నెలలు వట్టిందమ్మా. ఐదున్నరకు నీ బండి ఉన్నది." ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. పోతే ఇంక మళ్లీ పిలుపు రాదని మాత్రం సుమిత్రకు స్పష్టంగా తెలిసింది.

"గంత పెద్ద డబ్బలు యాడ దొరుకుతయ్?" అని అడిగింది.

"నాన్న కిరాణం కొట్లల్ల అడిగి తెస్తడు" అంది రజిత. "ఒక్కోపారి ఇయ్యరు."

అడిగి తెస్తాడట. ఇయ్యరట. సుమిత్రకు మళ్లీ ఒళ్లు మండింది, ఈసారి ఆ కొట్ల వాళ్ల మీద. సంచి లోంచి ఫోను తీసింది. అవతల గిన్నెల చప్పుడు మధ్య వెంకట్రాజం గొంతు, వరంగల్‌లో శ్రీమంతం అయిపోయిందా, ఏ బండికి వస్తున్నావు అని. పొద్దున ఆ అబద్ధం చెప్పి ఇల్లు దాటింది.

"శ్రీమంతం లేదు, ఏం లేదు. నేను మానుకోటల ఉన్న. కీర్తి ఇంట్ల."

వంటగదిలోకి పోతున్న కీర్తి గుమ్మంలోనే ఆగిపోయింది. పెట్టేస్తాడు అనుకుంది సుమిత్ర, పెట్టేసే లోపల చెప్పాల్సింది చెప్పేయాలి.

"ఇయ్యాల బేస్తారం గద, సామాన్లొచ్చిన అట్టడబ్బలు తీస్కపోతందుకు పొద్దూకి వాడొస్తడు. వానికి ఇయ్యకుండ్రి. పెద్దయి చూసి పక్కకు పెట్టియ్యుండ్రి. నాకు గావాలె. పిల్లలకు గావాలె. నేను ఇప్పట్ల రాను."

ఎవరో గిరాకీ పళ్లెం ధర అడిగాడు అవతల. వెంకట్రాజం జవాబు చెప్పలేదు. గిరాకీకి జవాబు చెప్పకుండా ఉండగా ముప్పై రెండేళ్లలో సుమిత్ర ఎప్పుడూ వినలేదు. ఫోను చెవికి నొక్కి పట్టుకుంది, వేలు బటన్ మీద పడకుండా చూసుకుంది.

"ఎన్ని గావాలె?" అన్నాడు.